సమ్యక్ సమాధి

నేను ఒక నల్లరాతి బండను. పుట్టిల్లు మార్కాపురం. మా వాళ్ళందరూ సన్నగా చీలి, చుట్టూ చెక్క ఫ్రేములు తొడిగించుకొని, బడిపిల్లల చేతుల్లో పలకలయ్యారు. నేను మాత్రం ఎంత కొట్టినా మందంగానే ఊడివచ్చాను. ఇది చదువుకు పనికిరాదని ఎవరో తేల్చేసి లారీ ఎక్కించారు. దిగేసరికి బాపట్లలో, సమాధుల తోట గేటుకు ఎదురుగా, దేవదానం మేస్త్రి షాపు ముందున్నాను.

దేవదానం సమాధులు కడతాడు, రాళ్ళ మీద పేర్లు చెక్కుతాడు. నెమ్మదస్తుడు. బేరమాడేవాళ్ళతో కూడా విచారంగానే మాట్లాడతాడు. అది ఆ వృత్తి మర్యాద. నా వంతుకు కృపానందం గారి పేరు వచ్చింది. నన్ను నునుపు చేసి, శిలువ చెక్కి, అడుగున అందరికీ చెక్కే మాటే చెక్కాడు: 'ప్రభువునందు నిద్రించెను'. చెక్కాననుకున్నాడు. ఆ పూట ఆయనకు జలుబు. తుమ్ముల మధ్య 'నిందించెను' అని పడింది.

కృపానందం గారి భార్య రూతమ్మ గారు కళ్ళజోడు సర్దుకొని నన్ను రెండోసారి చదివారు.

"బతికినన్నాళ్ళూ ఆయన చేసింది అదేలే నాయనా. కానీ బండ మీద వద్దు," అన్నారు.

రాతి మీద తప్పు చెరపడానికి రబ్బరు లేదు. నన్ను వెనక్కి తిప్పి గోడకు ఆనించి, ఆయనకు ఇంకో రాయి చెక్కారు. చదువుకూ పనికిరాక, చావుకూ పనికిరాక, నేను చాలా చిన్నబుచ్చుకున్నాను.

ఆఖరికి నన్ను పలకను చేసింది దేవదానం కూతురు కెజియా. ఎనిమిదో తరగతి. బడి నుంచి రాగానే చెక్కిన అక్షరాల్లో వెండిరంగు నింపేది, ఆ పని అయ్యాక నా వీపు మీద సుద్దముక్కతో పాఠాలు రాసుకునేది. వాళ్ళ మిషన్ బడిలో 'మతాల పరిచయం' అని ఒక పేపరుంది. అన్ని మతాల శాంతిమార్గాలూ పిల్లలకు తెలియాలని పెద్దలు దాన్ని పెట్టారు. పిల్లలకు శాంతి లేకుండా పోయింది. అర్ధ సంవత్సరం పరీక్షలో కెజియా అందులో తప్పింది. ఏడాది చివర కూడా తప్పితే మళ్ళీ ఎనిమిదే అని బడివాళ్ళు చెప్పి పంపారు.

దేవదానం తిట్టలేదు. "మళ్ళీ అదే క్లాసైతే ఎందుకులేమ్మా, షాపులోనే కూర్చుందువుగాని. రంగు పనికి నీ చెయ్యి బాగుంటది," అన్నాడు. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. తొమ్మిదికి వెళితే సైన్సు ల్యాబులో సూక్ష్మదర్శిని కింద ఉల్లిపొర చూపిస్తారట. కెజియాకి ఉన్న కోరికల్లా అదే.

ఈసారి పరీక్షకు బౌద్ధం. నా వీపు మీదకు ముందు నాలుగు సత్యాలు వచ్చాయి. దుఃఖం ఉంది, దానికి కారణం తృష్ణ, తృష్ణ పోతే దుఃఖం పోతుంది, అందుకు దారి అష్టాంగ మార్గం. తృష్ణ పోవాలి, తృష్ణ పోవాలి అని బట్టీపడుతూ, మధ్యమధ్యలో ఉల్లిపొర తలుచుకొని నిట్టూర్చేది. ఒక మూల 'అనిత్యం' అని పెద్ద అక్షరాలతో రాసి, చెరిగిపోకుండా గట్టిగా దిద్దింది.

తర్వాత ఎనిమిది అంగాలు వచ్చాయి. 'సమ్యక్' అంటే సరైన అని పక్కన రాసుకుంది. సమ్యక్ వ్యాయామం దగ్గర పెద్దగా ఆగలేదు, పొద్దున్నే పరుగెత్తడం కాబోలనుకుంది. ఆఖరిది దేవదానం కంట పడింది.

"సమ్యక్ సమాధి. అంటే సరైన సమాధా?"

"అంతే నాన్నా."

దేవదానం ఉలి కింద పెట్టాడు. తన పని పుస్తకాల్లో ఉందని ఆయనకు అప్పటిదాకా తెలియదు. "రాసుకో. పునాది గట్టి నేల తగిలేదాకా దిగాల. తల పడమటికి ఉండాల. పై బండకి వాలు ఉండాల, లేకపోతే వాననీళ్ళు నిలుస్తయ్. పేరు చెక్కేముందు ఇంట్లోవాళ్ళకి కాగితం మీద చూపించాల." ఆ చివరి మాట నా వైపు చూస్తూ అన్నాడు. కెజియా అంతా శ్రద్ధగా నా మీద ఎక్కించింది. నాకు నోరుంటే వద్దనేదాన్ని.

పరీక్ష అయిన కొన్నాళ్ళకు, ఆ పేపరు చెప్పే సౌదామిని టీచర్ జవాబు పత్రం పట్టుకొని షాపుకే వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని చదివారు. "సమ్యక్ సమాధి అనగా వాలు గల సమాధి. దానిపై నీరు నిలువరాదు. బుద్ధుడు ఈ పద్ధతిని శిష్యులకు బోధించెను."

దేవదానం ప్రతి వాక్యానికీ తలూపాడు. "తప్పేముంది టీచరుగారూ?"

"ఇక్కడ సమాధి అంటే గోరీ కాదండీ. మనసును ఒకచోట నిలపడం. ఏటా ఎవరో ఒకరు ఇలా రాస్తూనే ఉంటారు. వాలు గురించి రాసింది మాత్రం మీ అమ్మాయే." ఆవిడ కాగితం మడిచారు. "పాసుకి కొద్దిలో తగ్గింది. ఇలాంటప్పుడు నోటితో ఒక ప్రశ్న అడగొచ్చు. ఏమ్మా, తృష్ణ అంటే ఏంటి? పుస్తకంలోది వద్దు."

కెజియా చేతిలో రంగు కుంచె అలాగే ఉంది. నాకు భయమేసింది.

"ఇక్కడికి వచ్చేవాళ్ళందరూ ఒకటే మాటంటారండి. ఇంకొన్నాళ్ళుంటే బాగుండేది అని. తొంభై ఏళ్ళు బతికినాయన ఇంట్లోవాళ్ళు కూడా అదే అన్నారు. అదేనండి తృష్ణంటే." కుంచె కింద పెట్టి మెల్లగా అంది. "నాకు తొమ్మిదో తరగతి కూడా అదేనండి."

టీచర్ ఎర్ర పెన్ను తీసి కాగితం మీద ఏదో దిద్దారు. "సమాధికి సున్నాయే. అది మార్చను," అని లేచారు. "జూన్‌లో తొమ్మిదికి రా."

ఆ పిల్ల ఏడ్చింది. నాకు చేతకాదు గానీ, నాకూ ఏడవాలనిపించింది.

ఆవిడ వెళ్ళాక దేవదానం కూతురి వైపు తిరిగాడు. "మనసు నిలవడమే సమాధయితే దానికి బండ అక్కర్లేదా?"

"అక్కర్లేదు నాన్నా."

"ఆ బుద్ధుడు మన షాపు గురించి ఆలోచించినట్టు లేదమ్మా," అని మళ్ళీ ఉలి పట్టాడు.

వానలకు షాపు ముందు కాలవ పొంగుతోందని నన్ను దాని మీద మెట్టుగా పరిచారు. నాలుగు సత్యాలు తొలి జల్లుకే పోయాయి. అన్నిటికన్నా ఆఖరున పోయింది అనిత్యం. మొన్న కెజియా బడి నుంచి పరుగెత్తుకొచ్చి, నా మీదే నిలబడి చెప్పింది.

"ఉల్లిపొర చూశాను నాన్నా. ఇటుకలు పేర్చినట్టే ఉంది."

"వాలుందా?" అన్నాడు దేవదానం.

ఆ పిల్ల నవ్వు నా వీపంతా తగిలింది. అడుగు వైపున నేనింకా ప్రభువునందు నిందిస్తూనే ఉన్నాను. పైవైపున మాత్రం నాకే ఫిర్యాదూ లేదు.