నలభై ఒక్క పాఠాలు

మందుల షాపు వెనకగదిలో జాగ్రత్తయ్య స్టాకు ఫైలొకటి చెరిపేశాడు. ఓనరు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ ఫైలునే పక్కనున్న నల్లడబ్బాలోంచి వెనక్కి తెచ్చి చూపించాక గానీ ఆ చెయ్యి దిగలేదు. పంతొమ్మిదేళ్లుగా ఎవరి కంప్యూటర్‌కి బ్యాకప్ పెట్టినా, ఇలా కళ్లముందే ఒకటి చెరిపి తెచ్చి చూపించనిదే జాగ్రత్తయ్య బ్యాగు సర్దడు.

అది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. మాటకి ముందొకసారి, వెనకొకసారి "జాగ్రత్తండీ" అంటాడని జనం తగిలించారు. సన్నటి మనిషి, కాస్త ముందుకు వంగి నడుస్తాడు. ఇంటికి తాళం వేసి, వీధి మలుపుదాకా వెళ్లి, తిరిగొచ్చి లాగి చూస్తాడు. పెళ్లి ఫొటోలు మూడుచోట్ల దాచాడు గానీ ఒక్కసారైనా తీసి చూసిన పాపాన పోలేదని భార్య ఎత్తిపొడుస్తుంది. నిజానికి అతనికి ఉన్నది జాగ్రత్త కాదు, భయం. ఇన్నాళ్లూ అన్నం పెట్టింది ఆ భయమే.

రెండు గంటలకు ఫోను మోగింది. టీచర్. చూపులేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసే ఆవిడ. గొంతుకు క్యాన్సర్ వచ్చింది, రేపు స్వరపేటిక తీసేస్తున్నారు. ఆమె చదివిన పన్నెండు వందల పాఠాలకు కిందటి నెల ఇతనే బ్యాకప్ పెట్టి వచ్చాడు. ఆస్పత్రికి బయల్దేరుతున్నానని, పొద్దున ఇంకో ఆరు పెద్ద పాఠాలు పూర్తిచేశానని, జాగా చాలక కంప్యూటర్‌లో పాతవన్నీ చెరిపేశానని ఆమె బొంగురు గొంతుతో చెప్పింది.

"మీ డబ్బాలో ఉన్నాయిగా. ఇంక నాకేం దిగులు?" అంది.

కిందటి నెల ఆ రోజు జాగ్రత్తయ్య పని ముగించేసరికి ఆమె పక్కగదిలో పాఠం చదువుతోంది. మధ్యలో పిలిస్తే రికార్డు చెడుతుందని, చెరిపి చూపించకుండానే చెప్పులు చేత్తో పట్టుకుని బయటికొచ్చేశాడు. ఆ ఇంట్లో పెట్టింది అద్దం పద్ధతని ఇప్పుడు గుర్తొచ్చింది. కంప్యూటర్‌లో ఏముంటే డబ్బాలోనూ అదే ఉంటుంది. ఇక్కడ చెరిపినవి రోజూ మధ్యాహ్నం మూడింటికి అక్కడా చెరిగిపోతాయి.

డబ్బా తీగ పీకెయ్యమని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే, ఎందుకని అడుగుతుంది. ఇంకా గంట టైముంది, తనే వెళ్లి చడీచప్పుడు లేకుండా సరిచేసి రావచ్చు అనుకున్నాడు. "జాగ్రత్తండీ" అని ఫోను పెట్టేశాడు.

దారిలో రైల్వే గేటు పడింది. ఆటోలో కూర్చుని గడియారం చూస్తూ ఉండిపోయాడు. ఇక లాభం లేదని టీచర్‌కి మూడుసార్లు ఫోను చేశాడు. ఎత్తలేదు.

మూడూ పన్నెండుకి ఆమె భర్త తలుపు తీశాడు. ఆమెను చెల్లెలు తీసుకెళ్లిందట, ఈయన బట్టలు సర్దుతున్నాడు. జాగ్రత్తయ్య డబ్బా తెరిచాడు. పొద్దుటి ఆరు పాఠాలు తప్ప ఇంకేమీ లేవు.

చెరిగిపోయిన ఫైళ్లను వెతికే ప్రోగ్రాము నడిపాడు. కొత్తవి వచ్చి మీద కూర్చోకపోతే పాతవి దొరుకుతాయి. ఒక్కో పాఠం పేరు తెర మీదికి వస్తుంటే అతనికి ప్రాణం లేచొచ్చింది. ఐదున్నరకు అది ఆగిపోయింది. నలభై ఒకటి రాలేదు. ఆ ఆరు పాఠాలూ వచ్చి కూర్చున్నది సరిగ్గా వాటి చోటులోనే.

అంతా బాగేనా అని ఆమె భర్త అడిగాడు. బాగేనండీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పన్నెండు వందల్లో ఏవి లేవో ఎవరు చూడొచ్చారు? ఎక్కడో ఓ చూపులేని పిల్ల మొదటి పాఠం కోసం వెతుక్కుంటుందని తోచి ఆ మాట మింగేశాడు. అంతలో వార్డు నుంచి టీచర్ భర్తకు ఫోను చేసింది. జాగ్రత్తయ్య చెయ్యి చాచి ఫోను అడిగి తీసుకున్నాడు.

"తప్పు నాదండీ టీచర్‌గారూ. నేను సరిగ్గా పెట్టలేదు. మధ్యాహ్నం మీరు ఫోను చేసినప్పుడే చెప్పుంటే ఒక్కటీ పోయేది కాదు. భయపడ్డాను."

టీచర్ ఒక్కటే అడిగింది.

"ఎన్ని పోయాయి?"

"నలభై ఒకటండీ. అన్నీ ఒకటో తరగతివే."

దగ్గు వినిపించింది.

"అవి చిన్నవేలెండి. ఆపరేషన్ రేపు తొమ్మిదింటికి. అప్పటిదాకా గొంతు నాదే. మా ఆయనకి మైకూ, ఒకటో తరగతి పుస్తకాలూ ఇచ్చి పంపండి."

భర్త బట్టల సంచిలో తువ్వాలు పరిచి, మైకునూ, ఒకటో తరగతి పుస్తకాలనూ అందులో పెట్టుకున్నాడు. వెళ్లేటప్పుడు తలుపు దగ్గరగా లాగమని జాగ్రత్తయ్యకు చెప్పి మెట్లు దిగిపోయాడు.

జాగ్రత్తయ్య డబ్బా ముందు కూర్చుని అద్దం పద్ధతి తీసేశాడు. దొరికిన పాఠాలు ఒక్కొక్కటే తెరిచి విన్నాడు. వింటుంటే ఏడుపొచ్చింది. బల్ల మీద, ఆమె కూర్చునే ఎత్తుకి సరిగ్గా వంచిన స్టాండు మైకు లేకుండా ఉంది.