ఒళ్ళో పెట్టుకుని కుట్టొద్దు

“ఒళ్ళో పెట్టుకుని కుట్టొద్దన్నానా? వేసుకున్న బట్టలతో కలిపి కుట్టేసుకుంటావు,” అంటూ కుట్టు టీచరు మరో బల్ల దగ్గరికి జరిగింది. చిన్నపిల్లల బళ్ళలో టీచర్లు కాబోయే అమ్మాయిలకు ఏళ్ళ తరబడి ఆమె చెబుతున్న మాట అదే. అయినా ఏటా ఎవరో ఒకరు లేచి నిలబడి, గుడ్డముక్క వేలాడుతుంటే లబోదిబోమనేవారు.

ఇదే ఆఖరి క్లాసు. సోమవారం నుంచి ఆ పీరియడు కంప్యూటరుకు ఇచ్చేశారు. ప్రిన్సిపాలు వరండాలో నడుస్తూ నడుస్తూనే చెప్పాడు. “సరేనండీ” అంది. తనను చూడటానికొచ్చిన పెళ్ళికొడుకు తన చెల్లెలిని చేసుకుంటానన్నప్పుడూ ఆ మాటే అంది. ఇప్పుడా చెల్లెలి ఇంట్లోనే, వెనకగదిలో ఉంటోంది. బొత్తాం ఊడితే తప్ప అక్కడ ఎవరికీ ఆమె గుర్తు రాదు.

వెళ్ళేలోగా ఒక్కరికైనా బొత్తాం పట్టే కాజా కుట్టడం రావాలి. ఆమెకు మిగిలిన ఆశ అదొక్కటే. అందరూ దర్జీ చేత కుట్టించుకొచ్చి తమదేనంటారు. తెలిసి కూడా మార్కులు వేస్తుంది. సొంతంగా కుట్టేది చిక్కుముడి ఒక్కతే. దారం ముట్టుకుంటే ముడి పడుతుందని తోటివాళ్ళు పెట్టిన పేరది.

“ఇదంతా మాకెందుకు టీచర్?” అంది చిక్కుముడి.

“కాజా చిరిగి ఒకటో తరగతి పిల్లాడు ఏడుస్తూ వస్తే ఏం చేస్తావ్? వాళ్ళమ్మకి కబురు పెడతావా?”

ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుంది. టీచరుకు పొద్దుటి నుంచి ఎడమచెయ్యి లాగుతోంది. ఎవరికి చెప్పాలి? “కుట్టు పక్కన కుట్టు. సందు వదలకు తల్లీ,” అని కుర్చీలో వెనక్కి వాలింది. కప్పుకున్న శాలువా అంచు జారి అమ్మాయి ఒళ్ళో పడింది.

టీచరు కునుకు తీస్తోందని నవ్వుకుంటూ మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. చిక్కుముడి తలెత్తలేదు. ముడి లేదు, సందు లేదు. కాజా కుదిరింది.

“వచ్చింది టీచర్! చూడండి!”

గుడ్డ ఎత్తితే శాలువా కూడా లేచింది. రెండూ కలిపి కుట్టేసింది. నాలుక కరుచుకుని తిట్ల కోసం ఎదురుచూసింది. తిట్లు రాలేదు.

కబురందుకుని టీచరు చెల్లెలు వచ్చి భోరుమంది. “అక్కకి చలెక్కువ. శాలువా కప్పే ఉంచండి,” అంది.

అందుకని శాలువా నుంచి గుడ్డ విడదీయడానికి కుట్లు తెంపాల్సి వచ్చింది. ఆ పని చిక్కుముడే చేసింది, ఏడుస్తూ, ఒక్కొక్కటే.

అందరూ వెళ్ళాక బల్ల మీద గుడ్డముక్క మిగిలింది, నడుమ చిన్న చీలికతో, చుట్టూ తెగిన దారాలతో.