వదిన బరువు కూడా కలిపి

ఏటి మీద చాప పరిచి కూర్చున్నదెవరే,
కూర్చుని తల దువ్వుకునే కోడలు ఎవరే...

ఆ తర్వాతి మాటలు ఎంత తడుముకున్నా చెల్లెలి నోటికి రాలేదు. చిన్నప్పుడు తాడాట ఆడుతూ పాడుకున్న పాట అది. మాటల్లేని చోట కూనిరాగం తీస్తూ, రేవులో కట్టేసిన అన్నయ్య పడవని తుడుస్తోంది. సన్నటి ప్లాస్టిక్ పడవ, కయాక్ అంటారు. వెనకొకరు, ముందొకరు కూర్చుని చేపలు పట్టుకోవచ్చు. రోజూ పొద్దున్నే ఇది ఆమె పని. వెనక సీటు తుడిచింది, పక్కలు తుడిచింది. ముందు సీటు దగ్గరికొచ్చేసరికి, "కాస్త కాళ్ళు తియ్యి వదినా" అని, చుట్టూ తుడిచి ఊరుకుంది.

వదిన పోయి రెండేళ్ళు. నీళ్ళ మధ్యనున్న దీవి అవతల లోతులో, ఈ పడవలోంచే జారిపోయింది. వారం తిరక్కుండానే వచ్చి తన సీట్లో కూర్చుంది. కంటికి కనబడదు. కానీ ఖాళీగా కట్టేసినా పడవ ముక్కు నాలుగు వేళ్ళు మునిగే ఉంటుంది, ఆ సీటు ఎంత ఎండకీ ఆరదు. రేవులో వాళ్ళు అటుగా పోతూ ఆవిడని పలకరించి పోతుంటారు.

అన్నయ్య గడియారాలు బాగుచేస్తాడు. పని కాగానే భార్యతో నీళ్ళ మీదికి పోతాడు. "మీ వదిన ఇంకొంచెం ముందుకి పోదామంటోందే" అంటాడు తిరిగొచ్చాక. తెడ్డు వేసి వేసి భుజం పట్టేస్తే గానీ వెనక్కి తిరిగేవాడు కాదు. ఇన్నాళ్ళూ ఆయన్ని ఇంటికి చేర్చింది ఆ పట్టేసిన భుజమేనని చెల్లెలికి తోచలేదు. భుజానికి సాయమని ఈమధ్య మోటారు తెచ్చాడు. ఇక బ్యాటరీ కావాలి. ఇద్దరూ కలిసి కొట్టుకి వెళ్ళారు.

కొట్టాయన కాగితం ముందేసుకున్నాడు. "పడవ ఎంత బరువు మోస్తుంది మాస్టారూ?"

"రెండొందల కిలోలు."

"మీరొక డెబ్భై. అమ్మగారి బరువు కూడా కలపాలిగా?"

"యాభై రెండు ఉండేది. తడి బట్టలు కదా, అరవై వేసుకో."

కొట్టాయన వేసుకున్నాడు. "ఎంతసేపు నడవాలి?"

"మూడు గంటలు. దీవి అవతల దాకా."

"మోటారు గంటకి ముప్ఫై ఆంపియర్లు లాగుతుంది. మూడు గంటలకి తొంభై. లిథియంది, వంద ఆంపియర్లది పెట్టుకోండి. పదకొండు కిలోలే, చంకన పెట్టుకుపోవచ్చు." రాస్తున్న చెయ్యి ఆగింది. "మరి రావడానికి?"

అన్నయ్య గోడ వంక చూశాడు. "మీ గడియారం రెండు నిమిషాలు వెనకుంది. పంపించు, చూస్తాను."

అర నిమిషం తేడా వస్తే అన్నం సహించని మనిషి. అలాంటివాడు రావడం లెక్కవేయడం మరిచిపోడు. చెల్లెలికి తనదంటూ ఉన్నదల్లా ఆ ఒక్క అన్నయ్యే. కొట్టంతా కలయజూసింది.

"ఆ మూలనున్నదేమిటండీ?"

"పాతరకం అమ్మా, సీసంది. దీని మీదా వందనే ఉంటుంది గానీ, యాభై దాటి వాడితే చచ్చూరుకుంటుంది. పైగా ఇరవయ్యారు కిలోలు. మనిషీ మోటారూ వెనకే కదా, దీన్ని ముందు సీట్లో పెట్టకపోతే పడవ వెనక్కి కూలబడుతుంది."

"దీవి దాకా పోదా?"

"దీవి కనబడేదాకా పోయి రావచ్చు, అంతే."

"అయితే అదే ఇవ్వండి."

అన్నయ్య నవ్వాడు. "ఆ బండని ముందెక్కడ పెడతావే? మీ వదిన ఒళ్ళోనా?"

"లెమ్మని అడుగుతాను. లేస్తే?"

"లేస్తే పెట్టుకో. నేనేం అడ్డురాను" అన్నాడు, ఆవిడ లేవదన్న ధీమాతో.

ఆ మధ్యాహ్నం చెల్లెలు ఒక్కతే రేవుకి వెళ్ళింది. నీళ్ళు కదలడం లేదు. మోకాలి లోతు దిగి ముందు సీటు అంచు పట్టుకుంది. తడి మెల్లగా ఆమె అరచేతి కిందికి పాకింది.

"వదినా, అన్నయ్యకి నువ్వంటే ప్రాణం. నువ్వు రమ్మంటే కాదనలేడు. అందుకే నిన్నే అడుగుతున్నాను. ఆయన్ని నాకుంచు."

ఎవరో ఆమె భుజం ఆసరా చేసుకుని లేచారు. భుజం మీది బట్ట తడిసిపోయింది. పడవ ముక్కు పైకి తేలింది. గాలి లేకపోయినా నీళ్ళ మీద సన్నటి చార ఒకటి దీవి వైపు సాగి సాగి పోయింది.

సాయంత్రం అన్నయ్య వచ్చి ఆ ముక్కుని చూశాడు. సీటు మీద చెయ్యి పెట్టాడు. పొడిగా ఉంది. తర్వాత తనే ఆ సీసం బ్యాటరీని ఎత్తి ముందు సీటుకి బెల్టు వేసి బిగించాడు. అప్పటినుంచి దీవి కనబడేదాకా పోతాడు, పొద్దు వాలకముందే వచ్చేస్తాడు. ఎప్పుడైనా చేపలు శుభ్రం చేస్తూ, "ఏమందే మీ వదిన?" అని అడుగుతాడు.

"ఏమీ అనలేదు అన్నయ్యా" అంటుంది.

అంది. ఆ మధ్యాహ్నం వదిన ఆమె భుజం మీద బరువు మోపి లేస్తూ, చెవికి దగ్గరగా వంగి అంది.

"చలేస్తుంటే పిలిచానమ్మాయ్, అంతే."