నవీన విగ్గు, ఎర్ర కారు

ఎర్ర కారుకు టాపుండాది గానీ, బటన్ నొక్కితే ముడుచుకోని ఎనక్కి పోతాది. పక్కనుండే నల్లది కూపే. దాని టాపు కదిలేది కాదు, అద్దాలెత్తితే ఈగ కూడా దూరదు. పెండ్లి మెరవణికి ఇట్లాంటి షోకు కార్లు బాడుగకిచ్చే షెడ్డు అది, తిరపతిలో రేణిగుంట రోడ్డులో. రెండిట్లో ఏదో ఒకటి తేల్చమని ధర్మేంద్ర తనకు కాబోయే పెండ్లాం నవీననూ, కాబోయే అత్త సిద్ధమ్మనూ పిలిపించినాడు.

"నల్లదే బాగుండాది," అనేసింది నవీన, ఎర్రదాని దిక్కు సరిగ్గా చూడకుండానే.

"అదేంది!" అన్నాడు ధర్మేంద్ర. "దాంట్లో కూర్చుంటే నువ్వెవురికి కనపడతావు? మా ఐరాల ఊరంతా నిన్ను సూడాలని కాసుకోనుండారు."

నవీన చెయ్యి జుట్టు మీదికి పోయింది. చూస్తారనే కదా బాధంతా! తలమీదుండే ఆ ఒత్తు జుట్టు తనది కాదు, విగ్గు.

ఇదంతా సిద్ధమ్మ నిర్వాకం. సంబంధాలు వచ్చినట్టే వచ్చి తప్పిపోతా ఉంటే విసిగిపోయి, "సామీ, నా బిడ్డకు సంబంధం కుదిరిన వెంటనే దాని తలనీలాలిస్తా" అని కొండకు మొక్కేసింది. మహాతల్లి! 'పెండ్లయినాక' అని ఒక్క మాట కలిపుంటే ఏం పొయ్యేది? వెంటనే అని మొక్కినాక సామికి వాయిదా చెప్తారా ఎవరైనా? నిశ్చితార్థమైన మర్నాడే తల్లీబిడ్డా కొండెక్కినారు. నడుం దాటే జడ కళ్యాణకట్టలో రాలిపోయింది. మగపిల్లోని ఇంట్లో చెప్పే ధైర్యం మాత్రం ఇద్దరికీ లేకపోయింది. ఇది కూడా తప్పిపోతే?

"ఎక్కు, ఎర్రదాంట్లో ఒక రౌండు పోయొద్దాం," అన్నాడు ధర్మేంద్ర.

సిద్ధమ్మ కూడా ఎక్కబోయింది. ఎనక సీటే లేదు. "మూడో మనిసికి చోటు లేకుండా ఇదేం కారు నాయనా!" అని గొణుక్కుంటా, బిడ్డ తలనే చూస్తా నిలబడిపోయింది.

నవీన చున్నీని తలకు చుట్టి గదవ కింద ముడేసుకునింది. ఊరు దాటినాక ధర్మేంద్ర యాక్సిలరేటరు తొక్కినాడు. గాలి చున్నీలో దూరింది, ముడి వదులైంది. నవీన రెండు చేతుల్తో తల పట్టుకోని, "ఆపండి! మీకు దండం పెడతా, ఆపండి!" అని కేకేసింది.

ఆపినాడు. "ఏమైంది? భయమా?"

అవునంటే సరిపోతాది. కానీ ఎన్నాళ్ళని పట్టుకోనుండేది ఈ తలను? ఏడుపొచ్చేసింది. చున్నీ లాగేసి, విగ్గు పీకి ఒళ్ళో పెట్టుకునింది.

"ఇదీ నా సంగతి. సంబంధం కుదిరితే జుట్టిస్తానని మా అమ్మ మొక్కుకునింది. మీకొద్దనుకుంటే ఇప్పుడే చెప్పేయండి."

ధర్మేంద్ర నోరెళ్ళబెట్టి ఆ గుండునే చూసినాడు. "అంటే... నాకోసమా?"

"అప్పుడు మీరని తెలీదు," అని ముక్కు చీదింది నవీన.

అంతే, పకపకా నవ్వినాడు. "నాకోసం ఎవురూ ఒక పూట టిఫిను కూడా మానుకునింది లేదబ్బా! నువ్వు జడే ఇచ్చేసినావే!"

నవీనకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఎన్నో దినాలకు తలకు చల్లగా గాలి తగిలింది. ఆ విగ్గు కింద ఎంత ఉడుకు, ఎంత దురద!

"సరే, నల్లదే మాట్లాడతాలే," అన్నాడు ధర్మేంద్ర మెల్లగా.

"వద్దు, ఎర్రదే. గుండుకు గంధం పూసుకోని కూర్చుంటా. తిరపతి పక్కనోళ్ళం, మనకు గుండేమన్నా కొత్తా?"

షెడ్డు కాడ సిద్ధమ్మకు దూరంనించే బోడితల కనిపించింది. "అయిపాయ, ఇది కూడా పాయ!" అని కుర్చీలో కూలబడింది.

ధర్మేంద్ర కారు దిగి ఆమె దగ్గరికే వచ్చినాడు. "అత్తా, మెరవణి రోజు గంధం నువ్వే అరగదీయాల. బాగా చిక్కంగా ఉండాల సూడు."

సిద్ధమ్మకు ఒక్క నిమిషం ఏమీ అర్థం కాలేదు. అర్థమైనాక కండ్లనిండా నీళ్ళు, ముఖమంతా నవ్వు. కొండ దిక్కు తిరిగి రెండు చేతులూ ఎత్తింది.

"సామీ! ఈ బిడ్డలకు మొదటి కాన్పులో మగపిల్లోడు పుడితే, వెంటనే..."

"అమ్మా!" అని పరిగెత్తుకోని వచ్చి నవీన వాళ్ళమ్మ నోరు మూసేసింది.