ముగ్గురే ఉన్న బరువు

“ముక్కు పగిలితే మళ్ళీ మునుపటిలా అతుక్కుంటుందా? చెప్పవే, నిన్నే!”

వంటింట్లోంచి తల్లి కేక వేసింది. బయట వసారాలో తాడాట ఆడుతున్న కూతురు గెంతడం ఆపకుండానే జవాబిచ్చింది. “ఇంకా పోటీకి పేరే ఇవ్వలేదమ్మా. అప్పుడే ముక్కు గొడవెందుకు?”

ఆవిడ అంతే. పాలు పొంగకముందే పొయ్యి చుట్టూ తుడిచే మనిషి. ఆస్పత్రిలో ఆయా పని. అక్కడ పగలు చూసిన దెబ్బలన్నీ సాయంత్రానికి మనసులో మూటగట్టుకుని ఇంటికి తెస్తుంది. కూతురు రావడం కాస్త ఆలస్యమైతే చాలు, ఏ వార్డులో పడుకోబెట్టారో కూడా ఊహించేసుకుంటుంది. అలాంటిది బాక్సింగుకి ఎలా ఒప్పుకుందంటే, అదేదో ఒళ్ళు గట్టిపడే కసరత్తు అనుకుంది. ఎదుటివాళ్ళు కూడా కొడతారన్న సంగతి ఆలస్యంగా తెలిసింది.

మర్నాడు కూతురి వెంటపడి కోచ్ దగ్గరకు వెళ్ళింది. ఆయన నెత్తిన జుట్టు తక్కువ, నోట్లో మాట ఇంకా తక్కువ.

“మీ అమ్మాయిది యాభై నాలుగు కిలోల విభాగం. ఈసారి అందులో పద్నాలుగు మంది ఉన్నారు.”

“పద్నాలుగు మందా! దీని ఒంట్లో ఎముకలన్నీ కలిపినా అంతమందికి సరిపోవండీ!”

“అందరితోనూ కాదమ్మా. వరసగా నాలుగు ఆటలు గెలవాలి.”

“ఆ పై బరువులో ఎంతమంది?”

“యాభై ఏడు. అందులో ముగ్గురే.”

ఆవిడ ముఖం విచ్చుకుంది. “ముగ్గురే! మరి అందులో వేసెయ్యండి. నాలుగు ముద్దలు ఎక్కువ తినిపిస్తే యాభై నాలుగు దాటదా ఏంటి?”

“ముగ్గురే ఎందుకున్నారంటే అమ్మా...”

“ఎందుకుంటే మనకెందుకండీ? కొట్టేవాళ్ళు తక్కువ, అంతే కదా!”

కోచ్ ఆవిడ కూతురి వైపు చూశాడు. చేతికి చుట్టిన పట్టీ విప్పుకుంటున్న ఆ పిల్ల తలెత్తి సరేనన్నట్టు ఊపింది. ఆయన పేర్ల కాగితంలో యాభై ఏడు అని రాసుకున్నాడు.

ఆ రోజు నుంచి వంటింటికి పండగే. గుడ్లు, పాలు, అరటిపళ్ళు. ఇంతకు ముందు రెండో గుడ్డు పెడితే కంచం పక్కకు జరిపే పిల్ల, ఒకరోజు రెండూ తినేసి తానే అంది, “ఇంకోటి పెట్టమ్మా.” తల్లి కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. తన మాట విని తింటోంది, తన తెలివితో గట్టెక్కబోతోంది! జన్మలో మొదటిసారి ఆవిడ ఒక విషయంలో చెడు ఊహించుకోలేదు.

పోటీ రోజు పొద్దున్నే తూకం అయిపోయింది. కూతురు యాభై ఏడులో పడింది. తల్లి గుండె మీద చెయ్యి వేసుకుని, దూది, మందు, పట్టీలు ఉన్న సంచి ఒళ్ళో పెట్టుకుని, హాల్లో పై వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పక్కన ఎవరో పిల్ల తల్లి బత్తాయి ఒలుస్తోంది.

“మీ పాపది ఏ బరువు వదినా?”

“యాభై ఏడు,” అంది ఈవిడ, కాస్త గొప్పగానే.

ఆమె చేతిలో తొన అలాగే ఆగిపోయింది. “అయ్యో! మీకెవరూ చెప్పలేదా? అందులో అరనిమిషం ఉంది కదా!”

“అరనిమిషమేంటి?”

“ఒకమ్మాయి. దాని ముందు ఎవరూ అంతకంటే ఎక్కువసేపు నిలబడరని ఆ పేరు. మా పిల్లది కూడా యాభై ఏడే. దాని పేరు వినగానే కడుపు మాడ్చుకుని కిందికి దిగింది. యాభై నాలుగులో ఉన్న పద్నాలుగు మందిలో సగం మంది అలా పారిపోయి వచ్చినవాళ్ళే. కొందరు తిని తిని పైకి పోయారు. మిగిలిన ఇద్దరూ ఓడినా పతకం వస్తుందని ఉన్నారు.”

ఈవిడకు తమ ఆస్పత్రి గుర్తొచ్చింది. అక్కడ ఇద్దరు పళ్ళ డాక్టర్లు. ఒకాయన గది ముందు ఎప్పుడూ జనమే, రెండో ఆయన ముందు కుర్చీలు ఖాళీ. కొత్తగా వచ్చినవాళ్ళు అదృష్టమనుకుని ఆ ఖాళీ కుర్చీలో కూర్చుంటారు. వాళ్ళను చూసి ఈవిడ చీపురు చాటున ఎన్నిసార్లు నవ్వుకుందో! ఇప్పుడు సొంత కూతురిని తీసుకొచ్చి ఆ కుర్చీలోనే కూర్చోబెట్టింది.

“ఎక్కడుంది? ఎలా ఉంటుంది?”

ఆమె చూపించింది. కొండలాంటి మనిషిని వెతుక్కున్న ఈవిడ కళ్ళకు సన్నగా, పొడుగ్గా ఉన్న పిల్ల కనిపించింది. కళ్ళజోడు తీసి, తుడిచి, జాగ్రత్తగా పెట్టెలో పెట్టుకుంటోంది. ఈవిడ సంచి పట్టుకుని లేచింది.

మెట్లు ఎలా దిగిందో తెలియదు. గదిలో కూతురు గ్లవ్స్ వేసుకుని సిద్ధంగా ఉంది.

“పద, ఇంటికి పోదాం! కడుపునొప్పని చెబుతాను. నాకే, నాకే వస్తోందని చెబుతాను! అందులో ఎవరున్నారో నీకు తెలుసా అసలు?”

కూతురి నోట్లో అప్పటికే పళ్ళకు రక్షణగా పెట్టుకునే రబ్బరు ముక్క ఉంది. తల్లిని ఒక్క చూపు చూసింది, అంతే. “పిలిచారు,” అన్నాడు కోచ్.

గంట మోగింది. మోగీ మోగగానే సన్నపిల్ల చెయ్యి మెరుపులా వచ్చింది. కూతురు మోకాలి మీద పడింది. తల్లి సంచిలోంచి దూది తీసింది. రిఫరీ లెక్కపెడుతున్నాడు. పిల్ల లేచింది. మళ్ళీ దెబ్బ తిన్నది. ఈసారి పడలేదు. అరనిమిషం దాటింది, నిమిషం దాటింది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. బత్తాయి ఆవిడ ఎప్పుడు కిందికి వచ్చిందో, ఈవిడ మణికట్టు పట్టుకుని “వదినా, నిలబడిందే! నిలబడిందే!” అంటోంది. చివరి రౌండులో కూతురి గుద్దు ఒకటి సూటిగా తగిలి సన్నపిల్ల తల వెనక్కి విసురుకుపోయింది. హాలంతా లేచి నిలబడింది.

అయినా ఓడిపోయింది. పాయింట్లలో చాలా వెనకబడింది.

కూతురిని బల్ల మీద కూర్చోబెట్టి, పెదవికి తల్లి దూది అద్దుతోంది. ముక్కు తడిమి చూసింది. ఉంది, ఉన్నచోటే ఉంది. “నేనే నిన్ను తీసుకెళ్ళి దాని చేతుల్లో పెట్టానే. నా తెలివి తెల్లారినట్టే ఉంది,” అంది. కూతురు మాట్లాడలేదు. “కోపమొచ్చిందా? తిట్టు పోనీ!” కూతురు ఒక చేతి గ్లవ్ లాగి తీసింది.

అంతలో కళ్ళజోడు పెట్టుకుని ఆ సన్నపిల్ల వచ్చింది. దవడ ఎర్రగా కందిపోయి ఉంది. “అక్కా, వచ్చేసారి కూడా ఈ బరువులోనే ఉంటావా? ప్లీజ్. నాతో ఎవరూ ఆడట్లేదు.” కూతురు గ్లవ్ తీసిన చేతిని చాపింది. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

తల్లీ కూతుళ్ళు ఇంటికి బయల్దేరారు. బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. కూతురు వాచిన పెదవికి మంచు ముక్క అదుముకుని కిటికీలోంచి చూస్తోంది. స్టాపులు పోతున్నాయి, జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు. సంచి ఒళ్ళో బిగించుకుని తల్లి ఆ మౌనంలో లోకంలో ఉన్న చెడ్డ జబ్బులన్నీ తలుచుకుంది.

తమ స్టాపు దగ్గర పడుతుండగా కూతురు మంచు ముక్క పక్కకు తీసింది.

“తెలుసమ్మా. ఎవరున్నారో తెలుసు. తెలిశాకే ఆ మూడో గుడ్డు అడిగాను.”