పొల్లు పక్కన నేను

నేను ఒక అక్షరాన్ని. బాపట్లలోని ఒక ఆఫీసులో ఈ క్షణాన ఇద్దరు మనుషులు కంప్యూటర్ తెరకు ముక్కులు ఆనించి మరీ నాకోసం వెతుకుతున్నారు. వాళ్ల చూపు నా మీదుగానే పోతోంది. నేను కనబడను.

గోడ గడియారంలో నాలుగూ నలభై.

"పేరు సరిపోలలేదు" అంటోంది తెర, ఎర్రగా. పదకొండేళ్లు కాంట్రాక్టు నర్సుగా చేసిన గద్దల ఎస్తేర్‌కి పర్మనెంటు పోస్టు వచ్చింది. అయిదింటిలోపు పేరు సరిపోలకపోతే ఆ పోస్టు జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది.

"అక్షరం పొల్లు పోలేదు కద్సార్! దరఖాస్తులో ఎస్తేర్, సర్టిఫికెట్‌లో ఎస్తేర్. మీరే చూడండి!" అంది ఎస్తేర్.

"నాకూ ఒకటే కనబడతందమ్మా. దీనికే రెండు కనబడతన్నయ్యి" అన్నాడు పరిశీలన అధికారి మాల్యాద్రి. "దరఖాస్తు లాకైపోయింది, దిద్దలేను. తేడా ఏంటో ఈ 'కారణం' గడిలో రాస్తే వదుల్తాను. ఏం రాయను? దెయ్యమనా?"

యంత్రం లోపల అక్షరాలుండవు, అంకెలే ఉంటాయి. మీ 'ఎ' అక్కడ 224, 176, 142. ప్రేమలేఖైనా పెళ్లిశుభలేఖైనా తెలుగంతా అలా మూడేసి అంకెల ఊరేగింపే. మనుషులు మాట్లాడే ప్రతి మాటనూ 255 దాటని అంకెల్లో ఇమిడ్చిన ఆ తెలివికి నేనిప్పటికీ నివ్వెరపోతుంటాను. అంతటి ఊరేగింపులో ఆకారం లేని నాకూ చోటిచ్చారు: 226, 128, 140.

నా పనేమిటంటారా? ఇందాక 'ఎస్తేర్‌కి' అని చదివారు కదా, అక్కడ పొల్లుకీ 'కి'కీ మధ్య నిలబడింది నేనే. నేను లేకపోతే అది 'ఎస్తేర్కి' అయ్యేది.

ఈ పేరులోకి నన్ను తెచ్చింది, చీరాలలో డీటీపీ కొట్టు నడుపుతూ ఎస్తేర్ దరఖాస్తు కొట్టిపెట్టిన సుగుణమ్మ. ఒకసారి ఆమె కొట్టిన శుభలేఖలో పెళ్లికొడుకు రాజ్‌కుమార్ కాస్తా 'రాజ్కుమార్' అయ్యాడు. మగపెళ్లివారు కొట్టు మీదికొచ్చారు. ఆనాటి నుంచి పొల్లు కనబడితే చాలు, అవసరమున్నా లేకున్నా పక్కన నన్ను కాపలా పెడుతుంది.

నాలుగూ నలభై ఎనిమిది. మాల్యాద్రి రెండు పేర్లనూ అంకెలు లెక్కపెట్టే చిన్న ప్రోగ్రాములో వేశాడు. సర్టిఫికెట్‌లోని పేరు ఇరవై ఒకటి. దరఖాస్తులోది ఇరవై నాలుగు.

"మూడెక్కువ! ఎవరమ్మా కొట్టింది?"

ఎస్తేర్ ఫోను స్పీకర్లో పెట్టింది. "సుగుణక్కా, నా పేరు చివర ఏం కొట్టావ్?"

"పేరే కొట్టానే! పొల్లు పక్కన గోడ కట్టా, ఎప్పుడూ కట్టేదేగా."

"గోడేంటక్కా?"

"కనబడదులేవే. పక్కోడు వచ్చి పొల్లుకి అంటుకోకుండా."

"అక్కా, నా పేరు పక్కన ఎవడున్నాడే అంటుకోడానికి!"

"ఓసి నా మతిమండా" అంది సుగుణమ్మ.

"గోడ అని రాస్తే పైవాళ్లు నన్ను పిచ్చాసుపత్రికి పంపిస్తారు. దానికో పేరుండాలిగా" అంటూ మాల్యాద్రి చివరి మూడంకెలనూ వెతికే గడిలో వేశాడు. నాలుగూ యాభై ఏడు. ఎస్తేర్ మెడలోని సిలువను గుప్పిట బిగించింది.

లక్షల పేర్ల పక్కన నిలబడ్డాను. వాళ్లంతా నా మీదుగా చదువుకుంటూ పోయారు. నన్ను పిలిచిన గొంతు ఇంతవరకూ నేను వినలేదు. ఈ మనిషి ఇప్పుడు పిలవకపోతే ఆమె పోస్టు పోతుంది.

తెర మీద నా ఇంగ్లిషు పేరు తేలింది: వెడల్పు లేనిది, అంటుకోనివ్వనిది అని అర్థం. మాల్యాద్రి కళ్లజోడు సర్దుకున్నాడు. కారణం గడిలో ఒక్కో మాటా కొడుతూ పైకి చదివాడు:

"జీరో... విడ్త్... నాన్... జాయినర్!"