ఎదురొచ్చిన మాట

మెకానిక్కు దగ్గర ప్రతిదానికీ ఒక లెక్క ఉండేది. చైను రెండు వేళ్ళ మేర వదులుండాలి, మూడు వేళ్ళు పట్టిందా వాడికి బండి నడపడం రాదన్నట్టే. టైర్లలో గాలి తెల్లారగట్ల బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఏడాదికొక్కసారి షాపు మూసి, భార్యని వెనక ఎక్కించుకుని, చిన్న రోడ్ల మీద పొద్దంతా తిరిగి రావాలి. వెళ్ళిన దారిన మాత్రం తిరిగి రాకూడదు.

"వెనక్కి తిరగడం ఓడిపోయినవాడి పని" అనేవాడు. ఎవరితో పోటీయో ఎవరూ అడగలేదు.

ఆ రోజూ అంతే. ఆరింటికల్లా చైను చూసుకుని, పక్క పెట్టెలో పనిముట్ల మూట సర్దాడు. దాని మీద ఆమె తన సంచీ పెట్టింది. ఆమె బళ్ళకి సీటు కవర్లు కుట్టేది. సంచీలో రెండు జతల బట్టలు, కుట్టుపని పెద్ద కత్తెర ఉన్నాయి. ఒక్కరోజు తిరుగుడుకి అంత సంచీ ఎందుకని అడిగితే చెప్పేద్దామనుకుంది. ఆయన అడగలేదు.

అడగడం మానేసి పధ్నాలుగేళ్ళయింది. షాపు గోడ మీది చెక్కకి పానాలన్నీ వరసగా వేలాడతాయి, ఒక్కోదాని చుట్టూ తెల్లరంగు గీత. ఒక గీతలో పానా లేదు. అది ఇరవై రెండో నంబరుది. ఆయన ఇంట్లో లేనప్పుడు ఆమె దాన్ని తన తమ్ముడికిచ్చింది, వాడెక్కడో పారేశాడు. ఆయన కొత్తది కొనలేదు, కొననివ్వలేదు. "తప్పు నాదని ఒక్క మాట అన్నదా?" అని పక్క షాపు వాళ్ళ దగ్గర అనేవాడు. ఇంట్లో మాత్రం "తాళం", "టీ", "గ్యాసు అయిపోయింది", అంతే మాటలు.

ఆమె అన్నది. ఆ వారమే అన్నది, ఈ రోడ్డు మీదే, ఆయన వెనక కూర్చుని. ఆ ముఖంతో మాట్లాడటం కన్నా ఆ వీపుతో మాట్లాడటం తేలిక. వీపు పలకలేదు.

ఈసారి చెప్పాల్సింది వేరు. మధ్యాహ్నం దాటాక అక్క ఉండే ఊరు తగులుతుంది. అక్కడ దిగిపోతుంది. ముందుగా మూడుసార్లు చెబుతుంది. ఒక్కసారి వద్దన్నా చాలు, ఆగిపోతుంది.

చిన్న రోడ్ల సంగతి అందరికీ తెలిసిందే. బండి మీద అన్న మాటలు గాలికి వెనక్కి పోయి రోడ్డు మీద పడతాయి, పడ్డచోటే ఉంటాయి. అటే పోయేవాళ్ళకి వినపడవు, ఎదురొచ్చేవాళ్ళకే వినపడతాయి. పెద్ద రోడ్ల మీదైతే లారీల కింద పడి పూటలో పిండైపోతాయి. చిన్న రోడ్ల మీద ఏళ్ళు నిలుస్తాయి. ఒక మలుపులో ఎవరిదో కొత్త కాపురం తగువు పడి ఉంటే, మేకలు దాన్ని దాటలేక పొలంలోంచి చుట్టు తిరిగి పోయేవి. చెవిని తాకాకే మాట కింద పడుతుందని ఆమె నమ్మకం. అంటే ఆయన విన్నాడు. విని ఊరుకున్నాడు.

కూడలి దాటాక ఒకసారి, ఇటుక బట్టీల దగ్గర ఒకసారి చెప్పింది. మూడోసారి అరిచినట్టే చెప్పింది. హెల్మెట్ కదల్లేదు. ఇంక చెప్పడానికేమీ లేక, సీటు అంచున తను వేసిన కుట్లని వేలితో తడుముతూ కూర్చుంది. ఇద్దరి మధ్యా జానెడు జాగా లేదు. అయినా ఖాళీ ఇంట్లో కూర్చున్నట్టే ఉంది.

ముందు కల్వర్టు కూలిపోయింది. ఎర్రజెండా పట్టుకుని రోడ్డు కూలీ ఒకడు అడ్డం నిలబడ్డాడు.

"దారి లేదండీ. వెనక్కి తిప్పండి."

"ముప్ఫై ఏళ్ళలో నేను వెనక్కి తిప్పలేదు."

"అయితే బండి నెత్తిన పెట్టుకుని ఈదండి, నేనేం వద్దంటానా?" అని, జెండామనిషి ఆమె వైపు తిరిగాడు. "అక్కగారి ఊరికేనామ్మా? కూడలి దగ్గర నాలుగింటికి బస్సుంది. అవునూ, ఆ పానా ఇంకా దొరకలేదా?"

మెకానిక్కు హెల్మెట్ తీశాడు. "మా ఇంటి సంగతి నీకెవరు చెప్పారయ్యా?"

"రోజూ సాయంత్రం ఇంటికెళ్తూ ఎదురెళ్తాను కదండీ. పధ్నాలుగేళ్ళుగా వింటున్నాను. అక్కగారి ఊరి మాట ఇందాక ఎదురుగా నిలబడే విన్నాను. మీరు వినలేదా?"

ఆయన హెల్మెట్ మళ్ళీ పెట్టుకోలేదు, మోచేతికి తగిలించుకున్నాడు. బండి తిప్పాడు.

కొంత దూరం పోయాక ఆమె గొంతే వాళ్ళకి ఎదురొచ్చింది. "ఏమండీ, అక్క ఊళ్ళో దిగిపోతాను, కత్తెర కూడా సర్దుకున్నాను. వద్దంటే ఉంటాను." బండి ఒకసారి ఊగింది. బట్టీల దగ్గర మళ్ళీ అదే మాట. అది దాటగానే ఆయన గొంతు, ఏ ఏడాదిదో, విసుగ్గా: "ఆకలేస్తోందా అంటే పలకదు. రెండుసార్లు అడిగాను. పొగరు."

ఆమెకి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఆ పూట ఆకలితో ప్రాణం పోయింది, అడగలేదని ఏడాదంతా కోపం పెట్టుకుంది.

కూడలికి ముందు మలుపులో, పాతబడి బొంగురుపోయి, మరో మాట పడి ఉంది. "ఏమండీ, తప్పు నాదే. మిమ్మల్ని అడక్కుండా ఇచ్చాను. ఇంక కోపం వద్దండీ."

ఆయన బండి ఆపాడు. వెనక్కి తిరిగి చూశాడు.

"ఎప్పుడన్నావది?"

"ఆ వారమే."

"గట్టిగా అనొచ్చుగా!"

"ఇంతకన్నా గట్టిగా అంటే జెండామనిషి చెవులు పగిలేవి."

ఆయన మళ్ళీ బండి తీశాడు. కూడలిలో నాలుగింటి బస్సు నిలబడి ఉంది. కండక్టరు తలుపు పట్టుకుని, "ఎక్కేవాళ్ళుంటే ఎక్కండమ్మా!" అని కేక వేస్తున్నాడు. ఆమె పెట్టె మూత తీసింది. మెకానిక్కు వద్దనలేదు. వద్దనే మాట ఆయన నోట ఎప్పుడూ తిరగలేదు.

"ఆ మూట ఇలా ఇవ్వు. చైను వదులైంది" అన్నాడు.

చైను వదులు కాలేదు. ఆమె వంగి చూసింది, రెండు వేళ్ళ మేర, పొద్దున పెట్టినట్టే ఉంది. ముప్ఫై ఏళ్ళలో ఎవరి బండికీ అక్కర్లేని నట్టు విప్పని మనిషి, సరిగ్గా ఉన్న నట్టుని పట్టి పట్టి విప్పాడు. విప్పినదాన్ని బిగించాడు, బిగించినదాన్ని మళ్ళీ విప్పాడు. తల ఎత్తలేదు.

"ఏమ్మా, ఎక్కుతారా?"

ఆమె చేతిలో సంచీ ఉంది. దాన్ని రోడ్డు మీద దించి, ఆయన పక్కన గొంతుక్కూర్చుని, నట్లు కింద పోకుండా దోసిలి పట్టింది.

"మీరు పోనీండి బాబూ. మా చైను వదులైంది."

బస్సు రేపిన దుమ్ము సద్దుమణిగే దాకా ఆయన బిగిస్తూనే ఉన్నాడు. తర్వాత వచ్చిన దారినే, ఇరవై వేగం దాటకుండా, వట్టి తలతో ఇంటివైపు నడిపాడు. కాస్త దూరం పోయాక ఆమె ఏదో అంది.

"ఆఁ? ఏమన్నావ్?" అని ఆయన తల పక్కకి తిప్పాడు.

ఆమె ముందుకి వంగి, చెవి దగ్గర మళ్ళీ చెప్పింది.

మర్నాడు పొద్దున పనికి వస్తూ, వాళ్ళు తిరిగెళ్ళిన దారికి ఎదురుగా, జెండామనిషి ఆ దారంతా సైకిలు మెల్లగా తొక్కాడు, కూడలి దగ్గర దిగి నడిచాడు కూడా. రోడ్డు మీద ఒక్క మాటా లేదు.